ఉజిత్సె చౌక్: నేల అందరిదైనప్పుడు కట్టిన ఊరి నడిబొడ్డు

పశ్చిమ సెర్బియాలో జేటిన్యా నది కొండల నడుమ ఇరుకు లోయలో పారే చోట ఉజిత్సె అనే పట్టణం ఉంది. యాభై, అరవై వేల జనాభా. బెల్‌గ్రేడ్‌కు సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరం. నది పక్క కొండ మీద పాత కోట శిథిలాలు, ఆ కొండ పాదంలో నికోలా టెస్లా రూపొందించిన ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) విద్యుత్ పద్ధతిలో 1900లో పనిచేయడం మొదలుపెట్టిన జలవిద్యుత్ కేంద్రం కనిపిస్తాయి. ఊరి మధ్యలోకి వస్తే దృశ్యం మారిపోతుంది. రాతి పలకలు పరిచిన విశాలమైన చౌక్, చుట్టూ ఎత్తైన నివాస టవర్లు, కింద దుకాణాలు, ఒక వైపు నాటకశాల. దీని పేరు పార్టిజన్ల చౌక్. 1961లో ప్రారంభమైంది. ఇక్కడి నుంచి కొంచెం నడిస్తే జ్లాటిబోర్ హోటల్ వస్తుంది. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడే ఆ కాంక్రీటు టవర్ దూరం నుంచి చూసేవారికి ఎగరబోతున్న రాకెట్‌లా తోస్తుంది.

సెర్బియా ఒకప్పుడు భాగంగా ఉన్న సోషలిస్టు దేశం యుగోస్లావియా. ఆ కాలపు కట్టడాల ఫొటోలు కొన్నేళ్లుగా ఇంటర్నెట్‌లో విపరీతంగా తిరుగుతున్నాయి. వాటి కింద వాదన ఎప్పుడూ ఒకటే: ఇది అందమా, వికారమా? ఉజిత్సె లాంటి చిన్న పట్టణాన్ని అర్థం చేసుకోవడానికి ఆ వాదన సాయపడదు. ఈ చౌక్‌ను నిలబెట్టినది కాంక్రీటు ఒక్కటే కాదు. నేల ఎవరి చేతిలో ఉంది, ఇళ్ల డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, నిర్ణయం ఎవరు తీసుకున్నారు అన్న మూడింటికి ఒక కాలంలో దొరికిన జవాబుల నుంచి అది పుట్టింది. ఆ జవాబులు మారిపోయాక చౌక్ గతీ మారింది.

ఇంత పెద్ద పని ఇంత చిన్న ఊరికే ఎందుకు వచ్చిందంటే 1941కి వెళ్లాలి. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో జర్మన్ సైన్యం పట్టణం విడిచి వెళ్లడంతో తర్వాత యుగోస్లావియా పాలకుడైన కమ్యూనిస్టు నేత టిటో నాయకత్వంలోని పార్టిజన్లు, అంటే ఆక్రమణపై పోరాడిన గెరిల్లాలు, ఇక్కడ అధికారం చేపట్టారు. నాజీల ఆక్రమణలో ఉన్న యూరప్ నడిమధ్యన 67 రోజుల పాటు నిలిచిన ఆ విముక్త ప్రాంతాన్ని ఉజిత్సె రిపబ్లిక్ అంటారు. నేషనల్ బ్యాంక్ భవనంలో వాళ్ల ప్రధాన కార్యాలయం నడిచింది. దాని వెనక కొండలో తొలిచిన సొరంగాల్లో తుపాకులు, తూటాలు తయారయ్యేవి. నవంబరులో అక్కడ జరిగిన పేలుడులో వంద మందికి పైగా చనిపోయారు. నవంబరు 29న జర్మన్లు తిరిగి వచ్చినప్పుడు ఊరి బయట కదిన్యాచా కొండ మీద కార్మిక దళం వాళ్లను అడ్డుకుని దాదాపు మొత్తంగా నేలకొరిగింది. యుద్ధం తర్వాత ఊరి పేరు టిటోవో ఉజిత్సెగా మారింది, 1992 దాకా అదే పేరు. తిరుగుబాటుకు ఇరవై ఏళ్లు నిండిన 1961లో, జూలై 4న, టిటోనే వచ్చి చౌక్‌ను ప్రారంభించాడు. శిల్పి ఫ్రానో కర్షినిచ్ చెక్కిన టిటో విగ్రహం అక్కడ నిలిచింది.

స్మారకం పెట్టాలంటే విగ్రహం, చుట్టూ నాలుగు పూలకుండీలు చాలు. ఊరి నడిబొడ్డు మొత్తాన్ని తిరిగి కట్టాలంటే జ్ఞాపకంతో పాటు ఒక వ్యవస్థ కావాలి. సోషలిజం అనగానే ఏదో ఒక కేంద్ర కార్యాలయంలో ఎవరో గీసిన నమూనాను ఊరూరా దించేశారని అనుకుంటారు. యుగోస్లావియాలో జరిగింది అది కాదు. 1948లో స్టాలిన్‌తో తెగతెంపులయ్యాక ఆ దేశం వేరే దారి వెతుక్కుంది. 1950లో ఫ్యాక్టరీల నిర్వహణను కార్మిక మండళ్లకు అప్పగించే చట్టం చేసింది. 1955లో స్థానిక పురపాలికలకు గణనీయమైన అధికారాలు ఇచ్చింది. సంస్థలు జీతాల మొత్తంలో కొంత శాతాన్ని ఇళ్ల నిధికి జమ చేసేవి. ఆ డబ్బుతో ఊళ్లోనే ఇళ్లు లేచేవి. ఉజిత్సెలో ఆయుధాల ఫ్యాక్టరీ ఉంది, పక్కనే సెవోయ్‌నోలో 1950లలో మొదలైన రాగి రోలింగ్ మిల్లు ఉంది. చుట్టుపక్కల కొండపల్లెల నుంచి పనికి వచ్చే కుటుంబాలకు ఇళ్లు కావాలి. ఇల్లు, జీతం, ఫ్యాక్టరీ, పురపాలిక ఒకే ముడిలో ఉండేవి.

ఇక నేల. 1958 డిసెంబరులో వచ్చిన చట్టం అద్దె భవనాలనూ పట్టణాల్లోని కట్టుబడి స్థలాలనూ జాతీయం చేసింది. అప్పటికి ఉజిత్సె కేంద్రం నిండా చిన్న చిన్న పాత ఇళ్లు, కొట్లు, ఇరుకు సందులు. విడివిడి హక్కుదారులున్న అలాంటి చోట, ఏ ఒక్క ప్లాటు సరిహద్దునూ లెక్కచేయకుండా మొత్తాన్నీ ఒకే కాగితం మీద గీయడం మామూలు మార్కెట్లో దాదాపు అసాధ్యం. నేల సమాజ ఆస్తి అయిన రోజుల్లో అది సాధ్యమైంది. దాని మూల్యాన్నీ చెప్పుకోవాలి. తరాలుగా కొట్టు నడుపుకున్న కుటుంబాలు ఆస్తి పోగొట్టుకున్నాయి. పాత ఇళ్ల వరుసలు, వాటితో పాటు ఒక జీవన విధానమూ పోయాయి. ఆ నష్టాన్ని తక్కువ చేసి చూపనక్కర్లేదు. అయితే ఆ నష్టానికి బదులుగా ఊరికి దక్కినది ఏమిటో కూడా అంతే నిజాయితీగా చూడాలి.

ఆ కాగితం మీద గీసిన వాడు స్టాంకో మాండిచ్. బెల్‌గ్రేడ్‌లో ఆర్కిటెక్చర్ బోధించిన ఆచార్యుడు. చౌక్ రూపం ఆయనదే. 1967లో ప్రారంభమైన నాటకశాల భవనమూ ఆయన చేతి పనే. ఒకే మనిషి ఖాళీ స్థలాన్నీ దాని చుట్టూ ఉన్న భవనాలనూ కలిపి ఆలోచించడం ఇక్కడి ప్రత్యేకత. ఆ కాలపు ప్రణాళికల్లో చాలా చోట్ల టవర్లు గడ్డి మైదానంలో దూరదూరంగా నిలబడతాయి, వాటి మధ్య ఖాళీకి రూపం ఉండదు. ఉజిత్సెలో భవనాలు చౌక్‌కు గోడలుగా పనిచేస్తాయి. ఎత్తు, పొట్టి కలిసిన వరుస ఖాళీని చుట్టుముట్టి దానికి ఒక గది లక్షణం ఇస్తుంది. కొండ ఊరు కాబట్టి నేల సమతలంగా ఉండదు. ఆ ఎత్తుపల్లాలను మెట్లుగా, తిన్నెలుగా మలిచారు. పైనుంచి కిందికి దిగే మనిషికి చౌక్ ఒక్కసారిగా కనబడదు, అడుగు అడుగుకూ కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. అడ్రియాటిక్ తీరపు పాత రాతి పట్టణాల్లో నడిచినవారికి ఈ పద్ధతి పరిచితమే.

ఇక్కడి మరో తెలివి పై అంతస్తుల్లో జనాన్ని ఉంచడం. ఆఫీసులు, బ్యాంకులతో నిండిన నగర కేంద్రాలు సాయంత్రం ఆరు దాటితే బోసిపోతాయి. పార్టిజన్ల చౌక్ మీద పైన ఇళ్లు, కింద కొట్లు, బ్యాంకు, కాఫీ దుకాణాలు, పక్కన గ్రంథాలయం, నాటకశాల. పొద్దున రొట్టె కొనడానికి దిగేవారు, మధ్యాహ్నం బడి నుంచి వచ్చే పిల్లలు, సాయంత్రం నాటకానికి వచ్చే ప్రేక్షకులు అందరూ అదే రాతి మీద నడుస్తారు. సెర్బియా పట్టణాల్లో సాయంత్రం పూట జనం కొత్త బట్టలు వేసుకుని ప్రధాన వీధిలో అటూ ఇటూ తిరిగే అలవాటు ఉంది, దాన్ని కోర్జో అంటారు. ఈ చౌక్ ఆ నడకకు వేదిక అయింది. సోషలిస్టు ప్రభుత్వం ఊరేగింపుల కోసం చౌక్ కట్టిందని అనడం సులువు. ఊరేగింపు ఏడాదికి ఒకటో రెండో రోజులు. మిగిలిన రోజులన్నీ పనికొచ్చేలా కట్టడమే మాండిచ్ గొప్పతనం. ఆ మాటకు సాక్ష్యం 1991 తర్వాత దొరికింది. ఆ ఏడాది టిటో విగ్రహాన్ని తీసేసి, ఒకప్పటి బ్యాంక్ భవనంలో ఉన్న మ్యూజియం ఆవరణలోకి తరలించారు. మరుసటి ఏడాది ఊరి పేరులోంచి టిటో పోయాడు. చౌక్ పేరు మాత్రం మారలేదు, జనం రావడమూ మానలేదు. కేంద్రంలోని విగ్రహం పోయినా చౌక్ కూలబడలేదంటే, అది మొదటి నుంచీ విగ్రహం మీద ఆనుకుని లేదన్నమాట.

ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన జ్లాటిబోర్ హోటల్ తీరు వేరు. 1976లో బెల్‌గ్రేడ్–బార్ రైలు మార్గం ఈ ఊరి మీదుగా మొదలైంది. 476 కిలోమీటర్ల పొడవు, 254 సొరంగాలు, 435 వంతెనలతో కొండలను చీల్చుకుని అడ్రియాటిక్ సముద్రం దాకా పోయే మార్గం అది. ఒక మూలన ఉన్న పట్టణం దారి మీద పట్టణమైంది. 1981లో పూర్తయిన ఈ హోటల్‌లో ఆ ధీమా కనిపిస్తుంది. రూపకర్త స్వెత్లానా కానా రాదెవిచ్, మాంటెనెగ్రోకు చెందిన ఆర్కిటెక్ట్. మాంటెనెగ్రో రాజధానిలో 1967లో కట్టిన పోడ్గోరిట్సా హోటల్ ఆమెకు యుగోస్లావియా అంతటా పేరు తెచ్చింది. ఆ హోటల్ గోడల్లో పక్కనే పారే మొరాచా నది గులకరాళ్లను పొదిగింది. తర్వాత అమెరికా వెళ్లి పెన్సిల్వేనియాలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ దగ్గర చదువుకుంది, జపాన్‌లో ఆర్కిటెక్ట్ కిషో కురొకావా దగ్గర పనిచేసింది. అహ్మదాబాద్ ఐఐఎం భవనాలను చూసినవారికి లూయీ కాన్‌ను పరిచయం చేయనక్కర్లేదు. బరువైన పదార్థానికి ఒక హుందాతనం ఉంటుందన్న ఆయన నమ్మకం ఉజిత్సె టవర్‌లోనూ కనబడుతుంది.

ఆడవాళ్లు ఈ వృత్తిలో పెద్ద పనులు దక్కించుకోవడం పాశ్చాత్య దేశాల్లోనూ అరుదైన కాలంలో ఒక పట్టణపు ఆకాశరేఖను మార్చే టవర్ ఆమె చేతికి వచ్చింది. ఆ సంగతికి చాలా ఏళ్లు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా 2018లో యుగోస్లావియా ఆర్కిటెక్చర్ మీద పెద్ద ప్రదర్శన పెట్టాక, 2021లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ ఆర్కిటెక్చర్ ప్రదర్శన సందర్భంగా ఆమె పని ఒక్కదాని మీదే ప్రదర్శన జరిగాక ఆమె పేరు బయటివారికి తెలిసింది.

అయినా ఒక మాట చెప్పాలి. ఊరుగా ఆలోచిస్తే చౌక్ హోటల్ కంటే గొప్ప పని. హోటల్ ఒక శిల్పం, తన రూపాన్ని తాను ప్రకటించుకుంటుంది. ఏ దిక్కు నుంచి ఫొటో తీసినా బాగా పడుతుంది, ప్రపంచం దాన్ని గుర్తుపట్టేదీ అందుకే. చౌక్‌లోని ఏ భవనాన్నీ విడిగా తీసి చూపిస్తే అంత ఆశ్చర్యం కలగదు. అవి పక్కపక్కన ఉండటంలోనే అసలు విలువ ఉంది. ఫొటోలో పడే దాన్నే కాపాడుకుంటూ పోతే ఈ రెండో రకం విలువ చడీచప్పుడు లేకుండా పోతుంది.

ఈ భవనాలను దగ్గర నుంచి చూసినప్పుడు కాంక్రీటు మీద వేసే నింద ఎంతవరకు సబబో తేలుతుంది. పూత లేని కాంక్రీటు గోడ మీద సెంట్రింగ్ చెక్కల చారలు, చెక్క ముడుల అచ్చులు అలాగే నిలిచిపోతాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ చారలు నీడలు పట్టి గోడకు నేత కనబడుతుంది. సజ్జా కింది అంచున నీరు చుక్కగా తెగి పడడానికి చిన్న గాడి ఉండాలి. అది పూడుకుపోతే వాన నీరు గోడ మీదికి జారి నల్లటి చారలు కడుతుంది. ఇనుప చువ్వ మీద కాంక్రీటు మందం తక్కువైన చోట తేమ లోపలికి దిగి, చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన పెచ్చులూడతాయి. వీటిలో ఏదీ శైలి దోషం కాదు. ఏడాదికోసారి మేస్త్రీ వచ్చి గాడి శుభ్రం చేసి, పగులు పూడిస్తే ఆగిపోయే జబ్బులే.

నల్లదనానికి ఉజిత్సెలో ఇంకో కారణమూ ఉంది. ఇరుకు లోయ కావడం వల్ల చలికాలంలో చల్లగాలి కింద, వెచ్చటి గాలి పైన మూతలా నిలిచిపోతుంది. ఇళ్లలో కాల్చే బొగ్గు, కట్టెల పొగ పైకి పోవడానికి దారి ఉండదు. సెర్బియాలో గాలి బాగా పాడైన పట్టణాల జాబితాలో ఈ ఊరి పేరు శీతాకాలంలో పదేపదే వస్తుంది. ఆ మసి దశాబ్దాలుగా గోడల మీద పేరుకుంది. ఊరి బూడిద రంగులో ఆర్కిటెక్టుల వాటా ఎంతో, పొయ్యిల వాటా ఎంతో విడదీసి చూడకుండా తీర్పు ఇవ్వడం అన్యాయం.

అసలు దెబ్బ 1990లలో తగిలింది. యుగోస్లావియా విచ్ఛిన్నం, యుద్ధాలు, ఆంక్షలు, వాటితో పాటు ప్రపంచ చరిత్రలోనే అతి దారుణమైన ద్రవ్యోల్బణాల్లో ఒకటి. 1994 జనవరి ఒక్క నెలలో ధరలు 31 కోట్ల శాతానికి పైగా పెరిగాయి. సరిగ్గా ఈ కాలంలోనే, 1992 గృహ చట్టం కింద, సమాజ ఆస్తిగా ఉన్న ఫ్లాట్లను అందులో ఉంటున్నవారికే అమ్మేశారు. దేశ కరెన్సీ డినార్ విలువ గంటగంటకూ కరిగిపోతుంటే చాలామంది నామమాత్రపు సొమ్ముకు యజమానులయ్యారు. ఆ రోజుల్లో ఒక కుటుంబానికి అంతకంటే పెద్ద భద్రత లేదు, కాబట్టి కొనుక్కున్నవారిని తప్పుబట్టడానికి లేదు. లోపం చట్టంలో ఉంది. అది గోడల లోపలి భాగానికి యజమానిని చూపింది. లిఫ్టు, మెట్లు, డాబా, నీటి గొట్టాలు, ముందు గోడ మాత్రం పట్టించుకునే దిక్కు లేకుండా మిగిలాయి. అంతకుముందు వాటిని చూసుకున్న సంస్థలు దివాలా తీశాయి లేదా చేతులెత్తేశాయి.

దాని ఫలితం సెర్బియా అంతటా ఒకే తీరుగా ఉంది. ఒకరు బాల్కనీకి గాజు బిగించి గది చేసుకుంటారు, పైవాళ్లు తెల్ల ప్లాస్టిక్ కిటికీ పెడతారు, కిందివాళ్లకు పాత చెక్క కిటికీయే ఉంటుంది. గోడ నిండా ఏసీ పెట్టెలు. డాబా కారుతుంటే బాగుచేసే డబ్బు లేక, డాబా మీద కొత్త అంతస్తు వేసుకోమని బిల్డర్‌కు అనుమతి ఇచ్చి, బదులుగా లిఫ్టు, పైకప్పు బాగుచేయించుకున్న భవనాలు చాలా పట్టణాల్లో ఉన్నాయి. చదునైన కప్పుతో ముగియాల్సిన టవర్ మీద పెంకుటింటి కప్పు మొలవడం వెనక కథ ఇదే. హోటళ్లు, డిపార్ట్‌మెంట్ స్టోర్లు 2001 ప్రైవేటీకరణ చట్టం తర్వాత చేతులు మారాయి. ఊరి మధ్య స్థలం విలువ మీద కన్నేసి కొన్నవారికి హోటల్ నడపడం మీద శ్రద్ధ ఉండాలన్న నియమమేమీ లేదు.

2016లో వచ్చిన గృహ, భవన నిర్వహణ చట్టం ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం చేసింది. ప్రతి అపార్ట్‌మెంట్ భవనానికి నివాసుల సంఘం తప్పనిసరి, దానికి ఒక మేనేజర్ ఉండాలి, నివాసులు ఎన్నుకోకపోతే పురపాలికే నియమిస్తుంది, నెలనెలా నిర్వహణ రుసుము కట్టాలి. ఇది మంచి మలుపే. కానీ పింఛను మీద బతికే వృద్ధులు ఎక్కువగా ఉన్న టవర్‌లో వసూలయ్యే రుసుముతో బల్బులు మారుస్తారు, లిఫ్టుకు మరమ్మతు చేస్తారు. పది, పదిహేను అంతస్తుల ముందు గోడకు పరంజా కట్టే ఖర్చు అందులోంచి రాదు.

ఇప్పుడు అన్నిటికంటే తక్షణమైన ప్రశ్న వేడిది. 1960లలో కట్టిన గోడలకు ఉష్ణ నిరోధక పొర అంటూ ఏమీ లేదు. చలికి ఇల్లు వెచ్చబెట్టడం ఖరీదైంది, లోయలో గాలి చెడటానికి అదీ ఒక కారణం. ప్రభుత్వ, పురపాలక నిధుల సబ్సిడీతో గోడలకు బయట థర్మోకోల్ పలకలు అతికించి, పైన ప్లాస్టర్ పూసి, రంగు వేసే పథకాలు సెర్బియాలో ఊపందుకున్నాయి. ప్రజల ఆరోగ్యం దృష్ట్యా ఇది అవసరమైన పని, వద్దనడానికి వీల్లేదు. అదే సమయంలో, పది సెంటీమీటర్ల మందపు పొర కింద రాతి తాపడం, కిటికీ లోతు, సజ్జాల అంచులు, కాంక్రీటు చారలు అన్నీ కప్పుకుపోతాయి. పైన వేసే రంగును ఎన్నుకునేది తరచూ ఆ భవనపు సంఘం సమావేశం. ఒక టవర్ పసుపు, పక్కది నారింజ అయిపోతే చౌక్ గోడలు ఒకదానితో ఒకటి మాట్లాడటం మానేస్తాయి.

దీనికి దారి లేకపోలేదు. కప్పు నుంచి, కిటికీల నుంచి, బాల్కనీ వెనక పలచటి గోడల నుంచి కూడా వేడి పోతుంది. ముందు అక్కడ పని చేస్తే చౌక్ వైపు ముఖాన్ని కదపకుండానే కొంత వెచ్చదనం నిలుస్తుంది. పొర వేయాల్సి వస్తే వెనక, పక్క గోడలకు వేయవచ్చు. కిటికీల రంగు, విభజన, బాల్కనీ గాజుకు ఒకే నమూనా ముందే గీసి ఇచ్చి, ఆ నమూనా పాటించినవారికే సబ్సిడీ అనవచ్చు. నిపుణులు చాలా చోట్ల చేసి చూపించిన పనులే ఇవన్నీ. చిక్కంతా హక్కుల దగ్గర ఉంది. నేల మీది రాతి పలకలు పురపాలికవి, నాటకశాల ప్రభుత్వ సంస్థది, టవర్ల ముందు గోడలు వందలాది కుటుంబాలవి, కింది కొట్లు వేర్వేరు వ్యాపారులవి. కదిన్యాచా స్మారకానికి అత్యున్నత స్థాయి రక్షణ ఇవ్వడం రాజ్యానికి సులువైంది. అది కొండ మీద ఒంటరిగా ఉంది, అందులో ఎవరూ కాపురం ఉండరు. ఒకప్పుడు ఒక్క కాగితం మీద గీసిన చౌక్‌ను ఇవాళ కాపాడాలంటే పురపాలిక ఆ టవర్ల నివాసుల సంఘాలన్నిటినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు గోడల కోసం ఉమ్మడి నిధి ఏర్పాటు చేసి, అందులో తన వాటా తాను వేయాల్సి ఉంటుంది. థర్మోకోల్ మొదటి టవర్‌కు చేరకముందే ఆ పని మొదలవ్వాలి.